కోళ్ల గూటికో మిగులు గొట్టం

ఆదివారం పొద్దున్న ఏడు గంటలకు పెరట్లో నిలబడి గంగాధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా కోళ్లకి గొట్టంతో నీళ్లందించడం, పదకొండింటికి తలంటుకోవడం, ఒంటిగంటకు భోంచేసి కాస్త నడుం వాల్చడం, నాలుగింటికి తన పై అధికారి డి.ఈ. సుకుమార్ గారు వచ్చి చూసి "భేష్" అంటే వినయంగా తల వంచుకోవడం. వీటిలో తల వంచుకోవడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

గంగాధర్ ధవళేశ్వరంలో కాలవల ఆఫీసు ఉద్యోగి. ఇరవై రెండేళ్లుగా గట్ల మీద తిరిగి తిరిగి, ఏ తూము తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తితే ఏ ఊరి చేను తడుస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. రెండో పంట దాళ్వా రోజుల్లో నీళ్లు తగ్గి వంతులు పెట్టినప్పుడు కాలవ చివరి ఊళ్ల రైతులు ఫోన్ చేసి, "మా చేలు నోళ్లు తెరుచుకున్నాయండి" అని బతిమాలతారు. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "ఎగువన ఎవడో దొంగ గొట్టం వేసుంటాడు. రేపొచ్చి పీకిస్తాను." చాలాసార్లు అది నిజమే అయ్యేది కూడా. అందుకే నీళ్ల సంగతి తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఆయనకు గట్టి నమ్మకం. ఆఫీసులో ఆయనకున్న పరువంతా ఆ ఒక్క నమ్మకం మీదే నిలబడి ఉంది.

భార్య వీరవేణి పుట్టింటి నుంచి ఆరు నాటుకోడి పెట్టల్ని తెచ్చుకుంది. వడ్రంగి చేత గూడు చేయించింది. "ఓ చట్టిలో నీళ్లు పెడితే సరిపోద్దండి" అంది.

"చట్టిలో మట్టి కెలుకుతాయి, రెట్టలు వేస్తాయి. నీళ్ల సంగతి నాకొదిలెయ్" అన్నాడు గంగాధర్.

ఆయన ఫోన్‌లో వీడియో చూశాడు. గొట్టానికి చిన్న చిన్న ఎర్ర మీటలు ఉంటాయి, కోడి ముక్కుతో పొడిస్తే చుక్క నీరు పడుతుంది. బావుంది గానీ అందులో కాలవ పద్ధతి లేదనిపించింది. శుక్రవారం టీ తాగుతూ తన సొంత డిజైన్ కాగితం మీద గీసి డి.ఈ. గారికి చూపించాడు. పక్క సీట్ల వాళ్లు నవ్వు ఆపుకోవడం ఆయన గమనించకపోలేదు. డి.ఈ. గారు మాత్రం, "ఆదివారం సాయంత్రం అటే వస్తున్నానండీ, చూస్తాను" అన్నారు. దాంతో ఆరు కోళ్ల దాహం కాస్తా గంగాధర్ పరువు ప్రతిష్ఠల వ్యవహారం అయిపోయింది.

స్నానాల గది కప్పు మీద రెండొందల లీటర్ల నీలం డ్రమ్ము ఎక్కించాడు. దాన్నుంచి గొట్టం దించి, ప్రహరీ గోడ వెంట నడిపి, గూడు చుట్టూ తిప్పాడు. కోడికొకటి చొప్పున, ఎవరికీ అన్యాయం జరక్కుండా, ఆరు మీటలు బిగించాడు. ఏ కాలవకైనా చివర మిగులు నీరు పోయే దారి ఉండాలనేది ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఆయన మొదటి రోజే చెప్పే పాఠం. ఆ పాఠం ప్రకారమే గొట్టం చివరను కిందికి వంచి, గోడకు బొక్క చేసి, మూతిని అవతలి వైపుకి పంపాడు. పది గంటలకు, తూము తలుపు ఎత్తేటంత గంభీరంగా, డ్రమ్ము వాల్వును పావు వంతు తిప్పాడు. గొట్టంలో గలగలా చప్పుడైంది.

"విన్నావా?" అన్నాడు మురిసిపోతూ.

"వినపడతన్నాయండి. కనపడట్లేదు" అంది వీరవేణి.

ఒక పెట్ట వచ్చి ఎర్ర మీటను పొడిచింది. ఏమీ రాలేదు. ఇంకోసారి పొడిచి, గంగాధర్ వైపు ఒక కన్నుతో చూసి, వెళ్లి మూల కూర్చుంది. నేర్చుకుంటాయిలే అనుకున్నాడాయన.

పదకొండున్నరకు డ్రమ్ము సగానికి దిగింది. గంగాధర్ ఆనందానికి హద్దు లేదు. "చూశావా! వంద లీటర్లు తాగేశాయి!"

"ఆరు కోళ్లు వంద లీటర్లు తాగితే పగిలిపోతాయండీ. మా పుట్టింట్లో గేదె కూడా అంత తాగదు."

"మార్చి ఎండ ఎలా ఉందో చూడు" అంటూ ఆయన మోటారు వేసి డ్రమ్ము మళ్లీ నింపాడు. వీరవేణి చట్టి తేబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చట్టి రుచి మరిగితే ఇక జన్మలో గొట్టం ముట్టుకోవన్నాడు. తలంటు సంగతి మర్చిపోయాడు.

రెండున్నరకు డ్రమ్ములో చుక్క లేదు. గూట్లో ఆరు కోళ్లూ రెక్కలు దించేసి, నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. తెరిచిన ఆ ఆరు నోళ్లు చూడగానే గంగాధర్‌కి ఫోన్‌లో రైతుల గొంతులు వినిపించాయి. ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ జవాబు దానంతటదే నోటికొచ్చింది. ఎగువన ఎవరో దొంగ గొట్టం వేశారు.

స్టూలెక్కి గోడ అవతలికి చూశాడు. అది చేపలమ్మే నూకరత్నం పెరడు. నేలంతా తడి. వరసగా ఆరు బకెట్లు, రెండు పెద్ద టబ్బులు, అన్నీ అంచుల దాకా నిండి ఉన్నాయి. వీధి కుళాయి వచ్చి వెళ్లిపోయి ఆరు గంటలైంది. ఇంకేం రుజువు కావాలి? ఆయన చూపు దూరంగా ఉన్న బకెట్లన్నింటినీ లెక్కపెట్టింది గానీ, సరిగ్గా తన గడ్డం కింద గోడ మొదట్లో ఏముందో చూడలేదు. ఒక్క ఊపున వీధిలోకి నడిచాడు.

నూకరత్నం వాకిట్లో కూర్చుని తక్కెడ తోముకుంటోంది.

"నూకరత్నం! సిగ్గుండాలి! నోరులేని కోళ్ల నీళ్లు దొంగిలిస్తావా?"

ఆమె బిత్తరపోయి లేచింది. "నీళ్లాండీ? అది కాదండీ, ఆ నీళ్లు మీ..."

"మావే! మావేనని నీకూ తెలుసన్నమాట!"

"ఆయ్, మీవేనండి. కానీ అయ్యే వచ్చి..."

"అవే వచ్చాయట! నీళ్లకి కాళ్లున్నాయా? నా సర్వీసులో ప్రతి నీళ్ల దొంగా ఇదే మాట చెప్పాడు!"

"నన్నోసారి చెప్పనివ్వండి, గోడ దగ్గర..."

"గోడ దగ్గరే కదా నువ్వు చేసిన పని!"

కేకలకు వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎదురింటి సంపూర్ణమ్మ పదేళ్లుగా నూకరత్నం దగ్గరే చేపలు కొంటుంది. ఆవిడ బుగ్గ నొక్కుకుని, "తూకంలో ఎప్పుడూ తేడా రానిచ్చేది కాదు, ఇదేం బుద్ధి!" అని, ఒక్క క్షణం ఆలోచించి, "ఇకనుంచి తూకం కూడా చూసుకోవాలి కాబోలు" అంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆ మాటతో నూకరత్నం నోరు పడిపోయింది. గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూస్తూ ఉండిపోయింది.

ఆ మౌనాన్ని గంగాధర్ నేరం ఒప్పుకున్నట్టు లెక్క వేసుకున్నాడు. దాచడం ఎందుకు, ఆ నిమిషంలో ఆయనకు చాలా సంతోషంగా కూడా ఉంది. తర్వాతి రోజుల్లో అన్నింటికంటే ఎక్కువగా ఆయన సిగ్గుపడ్డది ఆ సంతోషానికే.

సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకు గంట ముందే, డి.ఈ. గారు బండి దిగారు. "ఏంటండీ గంగాధర్ గారూ, ఈ జనం?"

"నీళ్ల దొంగతనం సార్. కళ్లారా చూసి పట్టుకున్నాను."

"అలాగా! ఎక్కడ తీసుకుంటున్నారు? లైను చూద్దాం పదండి" అన్నారాయన.

డ్రమ్ము దగ్గర మొదలుపెట్టి గొట్టం వెంట వేలు రాస్తూ నడిచారు. గంగాధర్ వెనక నడిచాడు, వీధి సగం ఆయన వెనక నడిచింది. ఎక్కడా అతుకు లేదు, చిల్లు లేదు, కొత్త గొట్టం లేదు. గూడు తలుపు తెరిచి ఉంది, కోళ్లు లేవు. డి.ఈ. గారి వేలు గూడు చుట్టూ తిరిగి, గోడలోకి దూరిన వంపు దగ్గర ఆగింది.

"ఇదేంటండీ?"

"మిగులు గొట్టం సార్. ఎక్కువైన నీళ్లు అటు పోతాయి."

"దీనికి మూతేదీ?"

"మిగులుకి మూత ఎందుకు సార్?"

"దీని మూతి మీ మీటల కంటే పైనుందా, కిందుందా?"

గంగాధర్ వంగి చూశాడు. జానెడు కింద ఉంది. డ్రమ్ములోంచి బయల్దేరిన నీళ్లు ఆరు మీటల్నీ పలకరించకుండా నేరుగా గోడ అవతలికి పోతాయని మూడో తరగతి పిల్లాడికైనా అర్థమయ్యేంత కింద ఉంది. ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. లేస్తే మొహాలు చూడాలి.

చివరికి లేచి, కాళ్లు ఈడ్చుకుంటూ నూకరత్నం పెరట్లోకి వెళ్లాడు. గోడ మొదట్లో, తను స్టూలెక్కి నిలబడ్డ చోటికి సరిగ్గా కింద, గొట్టం మూతి ఇంకా బొట్టు బొట్టుగా కారుతోంది. దాని కింద టార్పాలిన్ మీద సోమవారం సంతకని ఆరబోసిన ఎండు నెత్తళ్లు నాని ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ పక్కన ఓ చిన్న గిన్నె చుట్టూ ఆరు కోళ్లూ చేరి, నీళ్లు ముంచుకుని తలలెత్తి ఆకాశం చూస్తూ మింగుతున్నాయి. వీరవేణి వాటి దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది.

"మీరు వీధిలోకి వెళ్లగానే ఇటు తెచ్చేశానండి. నీళ్లు ఇక్కడే ఉన్నాయి కదా" అంది మొగుడి వైపు చూడకుండా.

నూకరత్నం వెనకే వచ్చి నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు. "పదింటికి పడ్డం మొదలెట్టాయండి. కాలవల ఆఫీసాయన కదా, ఏదో లెక్కుండే వదిలుంటారు, మధ్యలో ఆపమంటే బాగోదని ఊరుకున్నాను. అన్నన్ని నీళ్లు నేలపాలు చెయ్యడం ఎందుకని బకెట్లు పెట్టానండి. సాయంత్రం మీ డ్రమ్ములో పోసేద్దామనుకున్నాను."

గంగాధర్ చెవులు వేడెక్కాయి. తిట్టి ఉంటే బాగుండును, చేపలబుట్ట ఎత్తి నెత్తిన వేసినా బాగుండును అనుకున్నాడు. తనమీద ఇంత నమ్మకం పెట్టుకుని పొద్దుటి నుంచి బకెట్లు మార్చుకుంటూ కూర్చున్న మనిషిని దొంగన్నాడు.

"తప్పయిపోయింది, నూకరత్నం" అని గొణిగాడు.

"ఇక్కడంటే ఎవరికి వినపడుద్దండీ? అప్పుడు వీధిలో అన్నారు కదండీ" అంది ఆమె నెమ్మదిగా.

అంత మర్యాదగా అడిగితే కాదనడానికి దారి లేదు. గంగాధర్ మళ్లీ వీధిలోకి నడిచి, ఇందాక నిలబడ్డ చోటే నిలబడ్డాడు. "నూకరత్నం గారు దొంగ కాదు" అన్నాడు. ఇన్నేళ్లలో ఆమె పేరు చివర 'గారు' పెట్టడం అదే మొదటిసారని ఆయనకే తట్టి ఇంకాస్త కుంచించుకుపోయాడు. "నీళ్లు నేనే ఆవిడ పెరట్లోకి పంపాను. ఆవిడ చేపలు నేనే తడిపాను. ఆవిడ తూకంలో తేడా లేదు. నా బుర్రలోనే ఉంది."

సంపూర్ణమ్మ గుమ్మంలోకి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "లోపల కుక్కరు కూతలో సరిగ్గా వినపళ్లేదండీ! మళ్లీ చెప్పండి!" అంది.

గంగాధర్ డి.ఈ. గారి వైపు చూశాడు. డి.ఈ. గారు ఆకాశం చూస్తున్నారు. గంగాధర్ మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. సంపూర్ణమ్మ విని, తల వంచుకుని, "రేపు అరకేజీ రొయ్యలు ఉంచు నూకరత్నం" అని లోపలికి వెళ్లిపోయింది. నూకరత్నం కొంగుతో కళ్లొత్తుకుని, మళ్లీ తక్కెడ అందుకుంది.

డి.ఈ. గారు టీ వద్దన్నారు. "గూడు మాత్రం చాలా గట్టిగా ఉందండి" అని, అంతకంటే మెచ్చుకోదగ్గది వెతికినా దొరకనట్టు చుట్టూ చూసి, బండెక్కి వెళ్లిపోయారు. గంగాధర్ తడిసిన నెత్తళ్లన్నీ తానే తీసుకుంటానని నూకరత్నానికి చెప్పి ఇంటికి మోసుకొచ్చాడు. ఆయనకు ఎండుచేపల వాసన పడదు. ఆ పూట భోజనం దగ్గర కిక్కురుమనకుండా మూడుసార్లు వడ్డించుకున్నాడు.

సోమవారం పొద్దున్న వీధి మొహం చూడలేక, ఆ ఇంట్లో కాపురం పెట్టాక మొదటిసారిగా పెరటి తలుపు తీసుకుని సందు దారిన ఆఫీసుకు బయల్దేరాడు. పెరట్లో నూకరత్నం ఉంది. వీరవేణి రమ్మందట. ఇద్దరూ గూటి ముందు చట్టి పెట్టి నీళ్లు పోస్తున్నారు. నూకరత్నం ఆయన్ని చూసి, కొంగు సర్దుకుని, మనసులో ఏ కల్మషమూ లేకుండా నవ్వింది.

"కాలవకేనాండీ? నీళ్లు వదలడానికాండీ?"

గంగాధర్ ఆ రోజు సెలవు పెట్టాడు.