మా అన్నయ్య సెండాఫ్‌కు నలభై వయొలిన్లు

సినిమాలో మాటల్ని మింగేసే మ్యూజిక్కే అసలైన మ్యూజిక్ అని నేను ముప్పై ఏళ్లుగా నమ్ముతున్నాను. మాటలు స్పష్టంగా వినబడాలనేవాళ్లు ఇంట్లో రేడియో పెట్టుకోవచ్చు. సినిమా హాలుకు రావడం దేనికి?

ఆలోచించండి. మన సినిమాలో తల్లి తలుపు తీస్తుంది. ఎదురుగా తప్పిపోయిన కొడుకు. ఆమె నోరు విప్పేలోపే వయొలిన్లు అందుకుంటాయి, మనం జేబురుమాలు తీస్తాం. ఎక్కడ ఏడవాలో, ఎంతసేపు ఏడవాలో మ్యూజిక్ డైరెక్టరు ముందే తేల్చిపెట్టాడు. టికెట్టు కొన్నవాడి మీద ఆ భారం కూడా వేస్తారా? విలన్ వస్తే డ్రమ్ములు మోగుతాయి కాబట్టి వాడు మంచివాడేమోనన్న అనుమానంతో ఒక్క క్షణం కూడా వృథా కాదు. కమెడియన్ జారిపడకముందే సన్నాయి కూస్తుంది, నాలాంటి ఆలస్యపు మనిషి కూడా టైముకు నవ్వేస్తాడు!

నేను రైల్వేలో వీఆర్ఎస్ తీసుకుని ముందే రిటైరైనవాణ్ణి. సిగ్నల్ లేకుండా బండే కదలనప్పుడు, మనసు మాత్రం ఎలా కదులుతుంది?

ఇక ఇంగ్లీషు సినిమాల సంగతి. బ్యాంకులో పనిచేసే మా మేనల్లుడు ప్రవీణ్ మొన్న ఇంట్లో ఒకటి చూపించాడు. భార్యను పాతిపెట్టి వచ్చిన ముసలాయన వంటింట్లో కప్పులు కడుగుతాడు. రెండు నిమిషాలు కడుగుతాడు. కుళాయి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మాతోపాటు చూస్తున్న నా స్నేహితుడు నాగభూషణం రైలింజన్ల షెడ్‌లో ఫిట్టరుగా చేసినవాడు. చప్పుడు ఆగిందంటే ఎక్కడో ఏదో చెడిందని ఆయన చెవులకు అలవాటు. లేచి వెళ్లి స్పీకరు వైరు ఊడదీసి, ఊది, మళ్లీ పెట్టాడు.

"ఏటిది ప్రవీణూ, సౌండు పోనాది."

"పోలేదు మావయ్యా. సీనే అంత."

"అచ్ఛా. మరిప్పుడు ఏడవాలా, అక్కర్లేదా?"

ప్రవీణ్ వాల్యూమ్ పెంచాడు, కుళాయి ఇంకాస్త గట్టిగా కారింది. ఇంగ్లీషువాళ్లకూ ఆర్కెస్ట్రాలు ఉన్నాయి, కాదనను. కానీ అంతరిక్ష నౌకో, సముద్రంలో మృగమో వస్తేనే బయటికి తీస్తారు. ఇంట్లో మనిషి బాధపడితే వాయించడానికి ఒక్కడూ రాడు. ఎంత అన్యాయం!

రైల్వే ఉద్యోగాలకొచ్చి మనవాళ్లు స్థిరపడ్డ ఈ హిందీ ఊరు బిలాస్‌పూర్‌కు ఆ కర్మ పట్టలేదు. గోల్ బజార్‌లో మనీష్ అనే వీడియో ఎడిటర్ ఉన్నాడు. తెలిపారా పేటలో పిండిమర ప్రారంభోత్సవానికి యుద్ధం మ్యూజిక్ వేశాడు. గోధుమపిండి రాలుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

మా అన్నయ్య పైడిరాజు సెండాఫ్ వీడియో చేసింది కూడా మనీషే. అన్నయ్య లోకో పైలట్. ఆఖరి డ్యూటీ ముగించిన డ్రైవరుకు ప్లాట్‌ఫారం మీద ఇంజను ముందే దండ వేసి, బ్యాండు పెట్టి, హారతి ఇవ్వడం మాలో ఆనవాయితీ. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప అనిపించే మనిషి, జనవరిలో ఆ రోజు మైకు పట్టుకుని నాలుగు నిమిషాలు మాట్లాడాడు. వదిన అసిరమ్మ పేరు మాటిమాటికీ వినబడింది, అందులో సగం ఆవిడ గురించే. పాపం, ఆవిడ హారతి పళ్లెంతో జనం వెనక ఇరుక్కుపోయింది. ఒక్క ముక్కా వినబడలేదు. వీడియోలో విందువులే అన్నాం.

వీడియో అద్భుతం! అన్నయ్య స్లో మోషన్‌లో మూడుసార్లు ఇంజను దిగుతాడు. మైకు అందుకోగానే నలభై వయొలిన్లు ఒక్కసారిగా లేస్తాయి. ఆయన పెదవులు కదులుతూ ఉంటాయి. చూసినవాళ్లంతా ఏడ్చారు. వదిన కూడా ఏడ్చి, "ఆయన మాట వినబడదేటి?" అంది. మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా, ఎప్పుడైనా అడగొచ్చు అనుకున్నాం.

ఏప్రిల్‌లో అన్నయ్యకు గొంతు క్యాన్సర్ అని తేలి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తాడు. ఆ రోజు వదిన గురించి ఏమన్నావో రాయమంటే మాత్రం రాయడు. ఆవిడకు చదవడం రాదు, రాస్తే నేను చదివి చెప్పాలి. పెళ్లాం గురించి అన్న మాట తమ్ముడి నోట చెప్పించడానికి ఆయనకు సిగ్గు.

అసలు రికార్డింగ్ కోసం మనీష్ దగ్గరికి పరిగెత్తాను.

"అదెవరుంచుతారు అంకుల్? డిలీట్ కర్ దియా" అన్నాడు. "పైగా వెనక ఇంజను సౌండు, ఆయన గొంతు వణుకుతోంది. బేకార్ ఆడియో."

నిన్న సాయంత్రం తార్‌బహార్‌లో అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన టీవీలో ఆ వీడియోనే పెట్టుకుంది, సౌండు పూర్తిగా తీసేసి. అన్నయ్య పెదవుల మీదే ఆవిడ చూపు. అన్నయ్య పక్కన కూర్చుని తల వంచుకున్నాడు.

"సూర్యం, నువ్వు పక్కనే నిలబడ్డావు గదా. ఏటన్నారో ఒక్క ముక్కయినా గుర్తు లేదేటి?"

లేదు వదినా అన్నాను. ఆ నాలుగు నిమిషాలూ నేను సెల్‌ఫోన్‌లో సెల్ఫీలు తీసుకుంటున్నాను.

నాకు గుర్తున్నది వేరే. వీడియో చేసే ముందు మాటలు ఉంచాలా అని మనీష్ నన్నే అడిగాడు. సెండాఫ్‌లో మాటలు ఎవరు వింటారు బాబూ, వయొలిన్లు బాగా పెంచు అని చెప్పింది నేనే.

ఈ సంగతి వదినకు ఇంకా తెలియదు. మీలో ఎవరైనా ఆ వైపు వెళితే, దయచేసి చెప్పకండి.