కాణిపాకం వెళ్లొచ్చిన ఎస్‌ఎస్‌డి

అక్షరదోషాలుంటే మన్నించండి. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒక్కో వాక్యానికి చాలాసేపు పడుతుంది. వేగం గురించి రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే.

ఇకపై మా మండలంలో ఫిర్యాదులు విమానంలా దూసుకుపోతాయని మా నాయకులు యోగానంద గారు మైకులో ప్రకటించారు. చేతిలో అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. పేరు ఎస్‌ఎస్‌డి. లోపల తిరిగే చక్రాలేవీ ఉండవట, అందుకే అంత వేగమట. జనం చెప్పే ఫిర్యాదును ఫోనులో వీడియో తీసి, దీంట్లోకి ఎక్కించి, సోమవారం తిరుపతికి పంపుతారు. డబ్బాకు శాలువా కప్పి సన్మానించారు. ఆ తర్వాత అది ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది.

నేనూ, పక్కింటి ఫక్రున్నీసా ఫిర్యాదు చెప్పడానికి నాయకుల ఆఫీసుకు వెళ్లాం. మా వీధి కుళాయికి ఎండాకాలం మొదలు చుక్క నీరు లేదు. ఫోను ముందు నిలబడి ఆ సంగతే చెప్పాం. ఆపరేటర్ భానుశ్రీ దాన్ని ఎక్కించసాగింది. తెర మీద పచ్చగీత మొదట్లోనే ఆగిపోయింది.

"ఎక్కిందా పాపా?"

"ఎక్కతా ఉండాదవ్వా."

"దీనికన్నా మా ముసలత్తను బస్సెక్కించడమే తొందరగా అవుతుంది అక్కా" అంది ఫక్రున్నీసా.

నాయకుల వారి కుడిభుజం వెంకటరమణ వెంటనే రంగంలోకి దిగాడు. డబ్బాకు ఫ్యాను పెట్టించాడు. వైరు మార్పించాడు. పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోశాడు. గీత కదల్లేదు. అప్పుడు అతనికి అసలు కారణం తట్టింది.

"ఇది అవతలి పార్టీ పని. ఏం పాపా, కావాలనే మెల్లగా ఎక్కిస్తాండావా?"

"నేనేం జేసినానన్నా?"

"అట్లయితే కాణిపాకంలో ప్రమాణం జెయ్యి."

భానుశ్రీ కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు ప్రమాణం చేసి వచ్చింది. న్యాయం అందరికీ సమానమని డబ్బాను కూడా తీసుకెళ్లారు. దాన్ని మాత్రం ముంచలేదు. మా నాయకులకు సాంకేతిక జ్ఞానం ఉంది.

తిరిగొచ్చాక కూడా గీత అక్కడే. చివరికి యోగానంద గారే వచ్చారు.

"నిండిపోయుండాది సార్" అంది భానుశ్రీ, తుమ్ముతూ. "నిండితే ఇది నడవదు."

"ఏముండాది లోపల?"

"మీ పుట్టినరోజు సార్."

"ఎన్నేండ్లవి?"

"ఈ యేటిదే సార్. అన్ని పక్కల నుంచీ తీసినారు. ఆకాశం నుంచి గూడా."

నాయకుల ముఖాన్ని చెరిపే ధైర్యం ఎవరికుంటుంది?

"ఫిర్యాదులు తీసేయ్" అన్నాడు వెంకటరమణ.

"అవి శానా చిన్నవన్నా. తీసినా జాగా రాదు."

"అయినా తీసేయ్ పాపా. ఫోనులో ఉండేవీ తీసేయ్."

తీసేసింది.

"ఇప్పుడు ఎక్కించేది ఎంత మిగిలుండాది?" అన్నారు యోగానంద గారు.

"ఏమీ లేదు సార్."

"సూడండప్పా! సోమవారం దాకా గూడా ఆగలా!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఫక్రున్నీసా కూడా కొట్టబోయి, చేతిలో ఖాళీ బిందె ఉండడంతో ఆగిపోయింది. మర్నాడు పేపర్లో నాయకుల వారి ఫొటో వచ్చింది. ఒక్క ఫిర్యాదు కూడా మిగలని మండలం మాదేనట. శాలువా ఈసారి ఆయనకే కప్పారు.

ఇట్లు,
చంద్రకాంతమ్మ, అరవై ఏడేళ్లు. ప్రస్తుతం వడమాలపేటలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ నీళ్లు వస్తాయి.