కంప్యూటర్ వేగ వినియోగదారుల సంఘం

"ఇకనుంచి కంప్యూటర్ ఎంత స్పీడుతో నడవాలో నిర్ణయించేది అధికారి కాదు, ఇంజనీరు కాదు, ప్రజలు!" అని మంత్రిగారు వీపనగండ్ల మండల ఆఫీసు ముందు రిబ్బను కత్తిరించి ప్రకటించారు. ప్రపంచంలో ఏ దేశమూ ఇంతవరకు ఇలాంటి సాహసం చేయలేదని కూడా ఆయనే సెలవిచ్చారు. కాబట్టి అది నిజమే అయివుండాలి.

ఆఫీసుకొచ్చిన కొత్త కంప్యూటర్‌లో స్పీడు తగ్గిస్తే కరెంటు మిగులుతుంది. మిగిలిన కరెంటు రైతు బోరు మోటారుకు పోతుంది. ఈ సంగతి మంత్రిగారికి హైదరాబాదులో ఎవరో చెప్పారు. తెర మీద ఒక గీత, గీత మీద ఒక మీట. ఎడమకు జరిపితే తక్కువ స్పీడు, కుడికి జరిపితే ఫుల్లు. ఆ మీట మీద ఎవరి చెయ్యి ఉండాలన్నదే ప్రజాస్వామ్యానికి వచ్చిన ప్రశ్న. కాలువ నీళ్లకు వినియోగదారుల సంఘం ఉన్నట్టే దీనికీ ఒక సంఘం పెట్టారు. పార్టీ జెండా మోసి మోసి భుజం కాయలు కాసిన కురుమూర్తికి చైర్మన్ పదవి దక్కింది.

కంప్యూటర్ బిగించడానికి వచ్చిన కంపెనీ ఇంజనీరు శ్రవణ్ కుమార్ మాత్రం కొంచెం అమాయకుడు.

"ఆటోమేటిక్‌ల వదిలెయ్యండి సార్. పనుంటే అదే స్పీడు పెంచుకుంటది, పని లేకుంటే అదే తగ్గించుకుంటది," అన్నాడు.

"అంతా అదే చేసుకుంటే మరి మేమెందుకయ్యా?" అన్నాడు కురుమూర్తి.

ఇంజనీరు కంప్యూటర్ దగ్గర ఇంకాసేపు ఏదో నొక్కాడు. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

సంఘం పనితీరు చూడముచ్చటగా సాగింది. సర్టిఫికెట్ కావలసినవాడు ముందు స్పీడుకు దరఖాస్తు పెట్టుకోవాలి. సంఘం కూర్చుని, వాడికి ఫుల్లా, నడిమిదా, తక్కువదా అని తీర్మానించాలి. తీర్మానం అయ్యేదాకా ఆపరేటర్ సౌజన్య కీబోర్డు ముట్టరాదు. మహిళా కోటాలో సభ్యురాలైన జోగమ్మ తరఫున ఆమె భర్త వచ్చి ఆమె అభిప్రాయాలు చెప్పి పోయేవాడు. కురుమూర్తికి దండం పెట్టినవాళ్లకు ఫుల్లు, ఎదురు పార్టీ నర్సింహ మనుషులకు తక్కువ. తక్కువకు సంతకం పెట్టిన ప్రతిసారీ కురుమూర్తి కండువాతో కళ్లొత్తుకుని, "ఏం చెయ్యాలె, రైతు మోటారు యాదికొస్తది నాకు," అనేవాడు.

"సార్, సర్టిఫికెట్ తీసుడు రెండు నిమిషాల పని. తీర్మానానికే నెల పడుతుంది," అంది సౌజన్య ఒకసారి.

"ప్రజాస్వామ్యమంటే గదే బిడ్డా," అని కురుమూర్తి ఆమెకు ఓపికగా నేర్పాడు.

అంతా సాఫీగా నడుస్తుండగా కురుమూర్తి కూతురు మానసకు నర్సింగ్ కాలేజీ కౌన్సెలింగ్ పిలుపొచ్చింది. మర్నాడు పొద్దునే మహబూబ్‌నగర్‌లో ఉండాలి. ఇన్‌కం సర్టిఫికెట్ చూపిస్తేనే సీటు. చిన్నప్పట్నుంచి ఆ పిల్లకు దవాఖానలో తెల్ల డ్రెస్సు వేసుకోవాలని ఒకటే ఆశ.

"సౌజన్యక్క ముట్టనంటుంది నాయినా. తీర్మానం కావాలంట."

"నేను చైర్మన్‌ని గద, నాకేం తీర్మానం?"

"ఆ రూలు పెట్టింది నువ్వేనంట."

కురుమూర్తికి మొదటిసారి తన రూలు మీద గౌరవం, భయం రెండూ కలిగాయి. కోరం కావాలంటే సంఘంలో సభ్యుడైన నర్సింహ రావాలి. నర్సింహ వారం కిందటే సంఘాన్ని బహిష్కరించి చేనులో పల్లికాయ పీకిస్తున్నాడు. కురుమూర్తి చేనుకే పోయాడు.

"నా అల్లుని భూమి పహాణీకి తక్కువ స్పీడు ఎవరేసిన్రు?" అన్నాడు నర్సింహ.

"నేనే."

"అప్పుడు రైతు మోటారు యాదికొచ్చె. ఇప్పుడేం యాదికొచ్చింది?"

"బిడ్డ యాదికొస్తుంది నర్సింహన్నా."

రాజకీయాల్లోకి వచ్చాక ఆయన ఆడిన మొదటి నిజం అదే కాబోలు. నర్సింహ కరిగిపోయాడు. వచ్చేసారి చైర్మన్ పదవి తనకిచ్చే షరతు మీద మాత్రమే కరిగాడు.

మధ్యాహ్నం సంఘం కూర్చుంది. ఫుల్ స్పీడు ఏకగ్రీవమైంది. బిడ్డ పని కాబట్టి కురుమూర్తి స్వయంగా మౌస్ పట్టుకుని మీటను కుడికి జరిపాడు. వదలగానే అది నింపాదిగా వెనక్కి వచ్చి తన చోట కూర్చుంది. మళ్లీ జరిపాడు. మళ్లీ వచ్చింది.

"రోజూ గిట్లనే చేస్తది సార్. మీరెన్నడు అడగలే, నేను చెప్పలే," అంది సౌజన్య.

శ్రవణ్ కుమార్‌కు ఫోన్ చేసి అందరూ వినేలా స్పీకర్ పెట్టారు.

"అది జరగదు సార్. ఎవరన్నా చేతులు పెడతరేమోనని బిగించిన రోజే లాక్ చేసిన. మొదటి నుంచి ఆటోమేటిక్‌లనే ఉంది. ఏమన్నా తక్లీఫ్ ఉందా సార్?"

ఏ తక్లీఫూ లేదని ఫోన్ పెట్టేశారు. నర్సింహ లేచి తలుపు మూసి, సౌజన్యను బయట కూర్చోమన్నాడు.

"ఈ ముచ్చట బయట పడితే సంఘం ఉండదు," అన్నాడు.

"సంఘం లేకుంటే చైర్మన్ యాడుంటడు?" అన్నాడు కురుమూర్తి.

ఇద్దరూ ఇంత ప్రేమగా ఒకరినొకరు చూసుకోవడం మండల చరిత్రలో అదే మొదలు. సంగతి ఎలా దాచాలో సుదీర్ఘంగా చర్చించారు. జోగమ్మకు కూడా సమ్మతమేనని ఆమె భర్త చెప్పాడు. తలుపు తీసేసరికి ఆఫీసు మూసే వేళ దాటింది. సౌజన్య ఆఖరి బస్సుకు పోయింది. వరండాలో బెంచీ మీద మానస ఒక్కతే ఉంది.

"అయిందా నాయినా?"

మీటింగు దేనికోసం పెట్టాడో కురుమూర్తికి అప్పుడు గుర్తొచ్చింది. కూతురి మొహం చూడలేక చెప్పులు వెతుక్కున్నాడు.

మర్నాడు పేపర్లో వార్త: "కన్నబిడ్డకు సైతం స్పీడు పెంచని చైర్మన్." ఏకగ్రీవ తీర్మానం సంగతి దాచి, విలేకరికి అలా చెప్పింది నర్సింహ. అది చదివి మంత్రిగారు చలించిపోయారు. చలించి, శాలువాతో సహా వీపనగండ్లకు వచ్చారు. ఆఫీసు ముందే సభ. శాలువా కప్పి, త్యాగం గురించి మాట్లాడి, మానసను వేదిక మీదికి పిలిచి మైకు చేతికిచ్చారు.

"ఏం కావాలో కోరుకో తల్లీ!"

"ఇన్‌కం సర్టిఫికెట్ సార్. రెండో కౌన్సెలింగ్ రేపే ఉంది. గదే ఆఖరు."

"అంతేనా! కురుమూర్తీ, ఇప్పుడే ఇప్పించు!"

కంప్యూటర్ వేదిక వెనక గదిలోనే ఉంది. సర్టిఫికెట్ తీయడానికి సౌజన్య అప్పటికే సభలో కుర్చీలోంచి లేచింది. ముందు వరసలో నర్సింహ రెప్ప వేయకుండా చూస్తున్నాడు. పక్కన విలేకరి పెన్ను తీశాడు. కురుమూర్తికి శాలువా కింద చెమటలు పట్టాయి. ఒక్క మాట చాలు. ఆ మాట అనాలని ఆయనకు నిజంగానే ఉంది. కూతురి వైపు చూశాడు, ముందు వరస వైపు చూశాడు.

"సంఘంల పెట్టాలె సార్," అన్నాడు.

చప్పట్లతో సభ దద్దరిల్లింది. మంత్రిగారు అందరికన్నా ఎక్కువసేపు కొట్టారు. వేదిక మీద నిలబడి ఉంది గనుక మానస కూడా మైకు పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది.