ముట్టుకోవద్దు, పరిశోధన జరుగుతోంది

ఉద్యోగం చేసుకుంటూ, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా డాక్టరేట్ చేయనివాళ్లు జీవితంలో సగం సుఖం పోగొట్టుకుంటున్నారని నా గట్టి నమ్మకం. నవ్వకండి. ఐదేళ్ల అనుభవంతో చెబుతున్నాను.

నేనొక పెద్దాసుపత్రిలో కంప్యూటర్ల విభాగం చూసుకుంటాను. చేస్తున్నది ఇన్ఫర్మేషన్ టెక్నాలజీలో ప్రొఫెషనల్ డాక్టరేట్, అదీ దూరవిద్యలో. మామూలు డాక్టరేట్‌కైతే లైబ్రరీలో బూజుపట్టిన పుస్తకాలు తిరగేయాలి. దీనికా బాధ లేదు. మీరు పనిచేసే చోట ఒక సమస్య ఉంటే చాలు. సమస్య లేని ఆఫీసు ఎక్కడైనా ఉంటుందా, చెప్పండి!

ఇక ఇందులోని సౌఖ్యాలు వినండి. మా బావమరిది ఇల్లు మారుతూ సామాన్లు సర్దడానికి రమ్మన్నాడు. లిటరేచర్ రివ్యూలో ఉన్నానన్నాను. అదేమిటో అతనికి తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. అయినా ఎంత మర్యాదగా ఫోన్ పెట్టేశాడో! ఆ తర్వాత పెళ్లిళ్లు, పేరంటాలు, స్కూలు మీటింగులు, కూరగాయలు, అన్నీ ఆ ఒక్క మాటతో తప్పించుకున్నాను.

మా గైడుగారి నుదురు తప్ప ఇంకేమీ నేను చూడలేదు. వీడియో కాల్‌లో ఆయన కెమెరా అలా పెట్టుకుంటారు. ఒక అధ్యాయం పంపితే నాలుగు నెలలకు జవాబు వస్తుంది: "ఇంకా లోతుగా." అంతే. నా పరిశోధన రోగులు ఎంతసేపు ఎదురుచూస్తున్నారన్న దాని మీద. ఎదురుచూడటమంటే ఏమిటో పరిశోధకుడికి ఇంత బాగా నేర్పే యూనివర్సిటీ ఇంకొకటుందా?

నా సమస్య గురించి చెప్పాలి. అది ఆసుపత్రి హాల్లో ఉన్న టోకెన్ మెషిన్. యాభై చీటీలు ఇచ్చాక అది మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. రక్తపరీక్షకి వెళ్లొచ్చిన పాత పన్నెండో నంబరు, అప్పుడే చీటీ తీసుకున్న కొత్త పన్నెండో నంబరు ఒకేసారి డాక్టరు గుమ్మంలో తారసపడతారు. ఆ తర్వాత జరిగేది మీరు ఊహించుకోగలరు. నిజానికి మెషిన్‌లో ఒక చిన్న సెట్టింగ్ మారిస్తే సరిపోతుందని నాకు మొదటి ఏడాదే అనుమానం వచ్చింది. అనుమానాన్ని అణచుకున్నాను. మార్చేస్తే మిగతా నాలుగేళ్లు దేని మీద రాయను?

చీటీల కౌంటర్‌లో కూర్చునే ఆవిడకి ఇది బోధపడలేదు.

"సార్, దాన్ని కాస్త చూడండి. పొద్దున్నుంచీ జనం నన్నే తిడుతున్నారు. నిన్న ఒకాయన చీటీ నా మొహాన కొట్టి పోయాడు."

"ఇప్పుడే ముట్టుకోకూడదమ్మా. బేస్‌లైన్ తీసుకుంటున్నాను."

"అంటే ఏంటి సార్?"

"ప్రస్తుతం ఎంత అధ్వాన్నంగా ఉందో ముందు కొలవాలి."

"అది నన్నడిగితే చెప్తాను కదా సార్."

ఎందుకైనా మంచిదని మెషిన్ మీద ఒక కాగితం అంటించాను: ముట్టుకోవద్దు, పరిశోధన జరుగుతోంది.

అలా హాయిగా సాగుతుండగా మా ఆవిడకి చెవిపోటు వచ్చింది. మా ఆసుపత్రికే వచ్చింది. లోపలికి నేరుగా తీసుకెళ్లడం నాకు ఒక్క నిమిషం పని. కానీ సొంత మనిషిని ముందు పంపిస్తే శాంపిల్ పాడైపోదూ? అందరిలాగే చీటీ తీసుకోమన్నాను. రెండో విడత పన్నెండు వచ్చింది. చెవి పట్టుకుని కౌంటర్ పక్కనే బెంచీ మీద కూర్చుంది. అద్దాల తలుపు వెనక స్టాప్‌వాచ్‌తో నేను నిలబడ్డాను. మూడు గంటల నలభై నిమిషాలు! నా డేటాలో అంత పెద్ద సంఖ్య ఇంకొకటి లేదు. సంతోషం పట్టలేకపోయాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం వేయలేదు.

మర్నాడు హాలంతా నిశ్శబ్దం. గొడవ లేదు, తోపులాట లేదు. పరుగెత్తి కౌంటర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మెషిన్ సెట్టింగులేవీ ముట్టుకోలేదు. యాభై చీటీలు అవగానే అందులో తెల్ల కాగితం చుట్ట తీసి గులాబీ రంగుది పెట్టింది. తెల్ల పన్నెండు వేరు, గులాబీ పన్నెండు వేరు. అంతే!

"ఇది ఎవరు చెప్పారమ్మా?"

"మీ ఆవిడగారే సార్. నిన్న నొప్పితో కూర్చునే చెప్పారు. పాపం, రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు."

గైడుగారికి రాశాను. ఈసారి నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది: "సమస్య లేనిచోట పరిశోధన లేదు. కొత్త సమస్య ఎంచుకుని మొదటి నుంచి రండి."

ఇంటికెళ్లి కుర్చీలో కూలబడ్డాను. ఐదేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరైందని మా ఆవిడతో వాపోయాను. ఆవిడ చెవిలో దూది సర్దుకుంటూ అంతా విన్నది.

"వంటింట్లో కుళాయి కారుతోంది," అంది. "మీరు చదువులో చేరినప్పటి నుంచీ కారుతూనే ఉంది. ప్లంబర్‌ని పిలుద్దామంటే ఆదివారం చూస్తానన్నారు. నేనూ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కావాలంటే దాని మీద రాసుకోండి."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగానే అంది. చెవిపోటుతో హాల్లో కూర్చున్నప్పుడూ అంత మామూలుగానే ఉంది.

లేచి వంటింట్లోకి వెళ్లాను. కుళాయి కింద గిన్నె. గిన్నె పెట్టిన చోట గట్టు మీద గుండ్రంగా తెల్లటి మరక. పాత వాషర్ తీసి కొత్తది వేశాను. పది నిమిషాలు పట్టింది. ఐదేళ్లలో నేను తీర్చిన మొదటి సమస్య ఇదే.

దయచేసి మా గైడుగారికి మాత్రం చెప్పకండి. బాగుచేసే ముందు బేస్‌లైన్ ఎందుకు తీసుకోలేదని అడుగుతారు.