రెండు తాళాలాయన బ్యాకప్

గ్రంథాలయంలో అందరూ ఆయన్ని రెండు తాళాలాయన అంటారు. బీరువాకి తాళం వేసి, లాగి చూసి, పైన ఇంకోటి వేస్తే గాని నిద్రపట్టని మనిషి. ఆ ఉదయం ఆయన ప్లాను చిన్నదే. కిటికీ లేని తన గదిలోని లినక్స్ కంప్యూటర్‌కి కొత్త డిస్కు బిగించి, నిన్న తీసిన బ్యాకప్‌తో సిస్టం మొత్తాన్ని అందులోకి తిరిగి ఎక్కించాలి. భోజనం వేళకి చేతులు కడుక్కోవాలి.

అన్నీ సరిచూసుకున్నాడు గాని, బ్యాకప్‌ల జాబితాలో వరస చూసుకోలేదు. పైనున్నదే కొత్తదనుకుని నొక్కాడు. అది ఎనిమిది నెలల కిందటిది.

గంటన్నరకి కంప్యూటర్ లేచింది. పాత పుస్తకాల పట్టిక కనబడేసరికి సంగతి అర్థమై, "పోనీలే, మళ్లీ ఎక్కిద్దాం" అనుకున్నాడు. అంతలో తెర మూలన ఒక మాట మెరిసింది: ఉత్తరం వెళ్లిపోయింది.

ఏ ఉత్తరమా అని తెరిచి చూశాడు. ఎనిమిది నెలల కిందట, ఈ చీకటి గదిలో ఇక కూర్చోలేనని ఒళ్లు మండి పెద్ద మేడంగారికి రాసిన రాజీనామా. ఆ రోజు నెట్ లేక ఆగిపోయింది, ఇప్పుడు పాత బ్యాకప్‌తో తిరిగొచ్చి తనంతట తనే వెళ్లిపోయింది. వాళ్ల వంశంలో నెల జీతం మొహం చూసిన మొదటి మనిషి ఆయనే.

ఇంటికి ఫోన్ చేశాడు.

"అదేంటండీ, మర్నాడే చెరిపేశానన్నారుగా?" అంది భార్య.

"చెరిపేశానే. చెరిపేముందు బ్యాకప్ తీశాను."

"మీ జాగ్రత్త తగలెయ్య. ముందు క్షమించమని రాయండి."

రాశాడు. రాసింది పది నిమిషాలాగి మళ్లీ చదివి పంపడం ఆయన అలవాటు. ఆ పది నిమిషాలూ వృథా ఎందుకని సరైన బ్యాకప్ ఎక్కించడం మొదలుపెట్టాడు. డిస్కుతోపాటు క్షమాపణ కూడా తుడిచిపెట్టుకుపోయిందని సగంలో గుర్తొచ్చింది.

తలుపు దగ్గర అటెండరు నిలబడ్డాడు. "మేడం పిలుస్తున్నారు సార్."

మేడం కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "మీ ఉత్తరం మీద తేదీ చూశాను. నాకు చేరడానికి ఎనిమిది నెలలా?"

"మేడం, అసలు జరిగిందేంటంటే..."

"చెప్పకండి, నాకే సిగ్గేస్తోంది. మన నెట్ ఇంత అధ్వాన్నంగా ఉందని ఎవరూ అనలేదు. జవాబు కోసం ఇన్నాళ్లూ ఆ చీకటి కొట్టులో నోరెత్తకుండా కూర్చున్నారా? ఇంకొకరైతే వారంలో మానేసి పోయేవారు. పైన కిటికీ గది ఖాళీగా ఉంది, ఇవాళే మారిపోండి. రాజీనామా నాకు అందలేదు. నా కళ్లజోడు గురించి రాసింది మాత్రం అందింది."

సాయంత్రం కిటికీ పక్కన కూర్చుని, మొట్టమొదటి పనిగా ఆ పాత బ్యాకప్‌ని చెరిపేయబోయాడు. వేలు మీట దాకా వెళ్లి ఆగింది. ఎందుకైనా మంచిదని, ముందు దానికో నకలు తీసి పెట్టుకున్నాడు.