మధ్యలో టీవీ

వీరరాఘవరావు గారి పేరులో ఉన్న వీరం ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో సంతకానికి తప్ప దేనికీ పనికిరాలేదు. రిటైరైన మూడో నెలలో, అశోక్‌నగర్‌లోని తన ఫ్లాటు హాల్లో సోఫా మీద పడుకుని ఫ్యాను రెక్కలు లెక్కపెడుతుండగా, అది ఒక్కసారిగా తన్నుకుంటూ బయటికొచ్చింది.

"హైమా! మన హాల్లో సరౌండ్ సౌండ్ పెట్టేస్తున్నాను!"

వంటింట్లోంచి హైమవతి తల మాత్రం బయటికొచ్చింది. చేతిలో ఉన్న అట్లకాడ వెనకాల వచ్చింది.

"సరౌండంటే?"

"చుట్టూ సౌండు. సినిమాలో వాన పడితే మన వీపు తడిసినట్టుంటుంది. హెలికాప్టరొస్తే నెత్తి మీంచి పోతుంది."

"నా మాటలు రోజూ మీ నెత్తి మీంచే పోతున్నాయిగా. దానికి డబ్బాలెందుకూ?"

అసలు కారణం ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, ఆవిడ కళ్ళారా చూసింది. పోయిన ఆదివారం దోమలగూడలో ఆవిడ తమ్ముడు సుందరరావు ఇంటికి భోజనానికి వెళ్ళారు. సుందరరావు కొత్తగా హోమ్ థియేటర్ పెట్టాడు. సినిమాలో ఎవరో వెనకనుంచి గట్టిగా తుమ్మారు. రావుగారు గిరుక్కున తిరిగి, ఖాళీ గోడను నిండు మనసుతో దీవించారు. "శతాయుష్షు!"

ఆ గోడకి నిజంగానే నూరేళ్ళు వచ్చాయో లేదో గానీ, బావమరిది నవ్వు మాత్రం వారమైనా ఆగలేదు.

అంతే. నాలుగు రోజుల్లో రావుగారి హాల్లో అయిదు స్పీకర్లు, గుండెల మీద గుద్దే పెద్ద డబ్బా ఒకటి, వీటన్నిటికీ పెద్దదిక్కుగా రిసీవర్ అనే నల్ల పెట్టె దిగాయి. కూతురు మహిత బెంగళూరు ఉద్యోగానికి వెళ్తూ వదిలేసిన కంప్యూటర్ ఉండనే ఉంది. సినిమాలన్నీ అందులోనే ఉన్నాయి. ప్లాను చాలా తేలిక: కంప్యూటర్ తీగ టీవీకి, టీవీ తీగ రిసీవర్‌కి, రిసీవర్ తీగలు స్పీకర్లకి.

"ఏం తీగండీ అది?" అంది హైమవతి.

"హెచ్.డి.ఎం.ఐ."

"అంటే?"

ఆయనకీ తెలీదు. "పెద్ద మాట. నీకు అర్థం కాదులే."

హైమవతి హాలంతా ఓసారి కలయజూసింది. పూలకుండీ ఉన్నచోట స్పీకరు. మర్రిచెట్టు లేని మూలలో కూడా ఊడల్లా తీగలు. ఆవిడ నడుం మీద చేయి వేసుకుంది. ఆ ఇంట్లో ఏ చట్టమైనా ఆ భంగిమలోనే ఆమోదం పొందుతుంది.

"చూడండీ. గాంధీనగర్ రాజకుమారి గారి అపార్టుమెంటు పడగొట్టి కొత్తగా కడుతున్నారు. మా పారాయణానికి చోటు లేదు. నేను కాక పదకొండు మంది. ప్రతి శుక్రవారం మన హాల్లో చేసుకుందామని మాటిచ్చాను."

"ప్రతి శుక్రవారమా? సినిమా రిలీజయ్యేదీ శుక్రవారమే కదే! నన్నడక్కుండా ఎలా ఇచ్చావు మాట?"

"నన్నడిగే తెచ్చారా ఈ డబ్బాలు?"

వాదన కాసేపు అన్ని దిక్కుల్నుంచీ మోగాక పందెం కుదిరింది. వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగ్గంటలకి సోఫా వెనక స్పీకర్లలోంచి శబ్దం వచ్చిందా, హాలు రావుగారిది, పారాయణం ఊసెత్తకూడదు. రాలేదా, ప్రతి శుక్రవారం హాలు పారాయణానికి, కాఫీలు రావుగారివి. సాక్షులెవరు? "మా పదకొండు మందీ వస్తారు, వాళ్ళే వింటారు" అంది హైమవతి. ఎదుటి పక్షాన్నే న్యాయమూర్తిగా ఒప్పుకున్నానని రావుగారికి స్నానం చేస్తుండగా తట్టింది. అప్పటికే ఒళ్ళంతా సబ్బు.

శనివారం పొద్దున్నే పూజ చేశారు. కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా స్విచ్చి వేయడం వాళ్ళ వంశంలో లేదు. వాళ్ళ నాన్నగారు గడియారానికీ, తాతగారు గొడుక్కీ పెట్టారట. రావుగారు గంధం చిక్కగా తీశారు. స్పీకర్లకి పెట్టారు, రిమోటుకి పెట్టారు, పెద్ద డబ్బాకి మూడు నామాల సైజులో పెట్టారు. రిసీవర్ వెనక చూస్తే బోలెడు చిల్లులు. ఏ చిల్లుని వదిలేస్తే ఏం అరిష్టమోనని, వేలు పట్టని చోట అగ్గిపుల్లతో అద్ది మరీ, చిల్లుకో బొట్టు చొప్పున పెట్టేశారు. హారతిచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. స్విచ్చి వేశారు.

నిశ్శబ్దం.

"చుట్టూ వస్తోందండీ," అంది హైమవతి, చెవి పక్కన చేయి పెట్టుకుని. "ఎటు విన్నా ఒకేలా ఉంది."

శనివారం, ఆదివారం తీగలు పీకి పెట్టారు, పెట్టి పీకారు. సోమవారం రిసీవర్‌ని దుప్పట్లో చుట్టుకుని, ఆటోలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నారాయణగూడలో మొగిలయ్య రిపేరు షాపుకి తీసుకెళ్ళారు. ఆటోవాడు అద్దంలోంచి చూసి "ఎన్నో నెల అన్నా?" అనడిగాడు. పసిపిల్లనుకున్నాడు కాబోలు.

మొగిలయ్య పెట్టెను తిప్పాడు. వెనక చిల్లులోకి టార్చిలైటు వేశాడు. తర్వాత రావుగారి మొహంలోకి అదే టార్చిలైటు వేశాడు.

"ఏంది సార్ గిది? బొట్టు మొఖానికి పెడ్తరు గని, నోట్లె పెడ్తరా?"

"అంటే?"

"టీవీ నుంచి సౌండు ఈ చిల్లులకెల్లి వెలుతురు లెక్క వస్తది సార్. మీరు తొవ్వల గంధంతోని గోడ కట్టిన్రు. గట్టిగ గూడ కట్టిన్రు, మేస్త్రీ పని తెలుసా మీకు?"

సన్నటి సూదితో, దూదితో గీకి గీకి గంధం తీశాడు. షాపంతా గుడి వాసన వచ్చింది. ఎదురుగా ఉన్న టీకొట్టులోంచి ఒకాయన లోపలికి తొంగిచూసి చెప్పులు విప్పబోయాడు.

"అయిపోయింది. సార్, జర ఆగున్రి. ఇంకో ముచ్చట. కంప్యూటర్ల తీగ సీదా టీవీల వెట్టిన్రా? గట్లయితే..."

"నాకన్నీ తెలుసులేవయ్యా!" అన్నారు రావుగారు, దుప్పటి చుడుతూ. గంధం దెబ్బకి దెబ్బతిన్న మర్యాద అప్పటికే వీధిలోకి వెళ్ళి ఆటో పిలుస్తోంది.

ఇంటికొచ్చి స్విచ్చి వేశారు. సౌండొచ్చింది! రావుగారు గంతేశారు. గంతు దిగాక విన్నారు. ముందున్న రెండు స్పీకర్లు గొంతు చించుకుంటున్నాయి. మధ్యది నోరు మెదపలేదు. వెనకవి రెండూ, మీటింగులో చివరి బెంచీలో కూర్చున్న ఉద్యోగుల్లా, ఒంటి మీద గంధం బొట్టుతో హాయిగా ఉన్నాయి.

మంగళవారం స్పీకర్లు మార్చి చూశారు. వెనకవి ముందుకొస్తే అరిచాయి, ముందువి వెనక్కెళితే నిద్రపోయాయి. బుధవారం కంప్యూటర్లో సౌండు పేజీ తెరిచి చూస్తే అందులో రెండే స్పీకర్ల బొమ్మలు. తిట్టారు. కంప్యూటర్ ఏమీ అనుకోలేదు. ఎడమవైపు వెనక స్పీకరు స్టూలు మీద ఊగుతుంటే, స్టూలు కాలు కింద ఉన్న పుస్తకాన్ని ఇంకొంచెం లోపలికి తోశారు.

గురువారం మధ్యాహ్నం, హైమవతి చిక్కడపల్లి వెళ్ళొస్తానని బయటికెళ్ళిన అదను చూసి, ఉన్న గౌరవమంతా దిగమింగి, దోమలగూడకి ఫోను చేశారు.

"సుందరం! పరువు పోయేట్టుందయ్యా."

"ఉన్నదేగా పోయేది, ఏమైంది బావా?" అన్నాడు సుందరరావు. అంతా విన్నాడు. "ఓస్, ఇంతేనా! నా దగ్గర తీగ లేని చిన్న స్పీకరుంది, లడ్డూ అంతే ఉంటుంది. సోఫా వెనక పెట్టు. నీ ఫోనుతో కలుపు. సినిమాలో ఉరుమొచ్చేటప్పుడు జేబులో చేయి పెట్టి ఫోన్లో ఉరుము నొక్కు. వెనకనుంచి ఢమాల్! మా అక్కేం కనిపెడుతుంది?"

"నీది బుర్ర కాదయ్యా, బురుజు!" అన్నారు రావుగారు. గంటలో దోమలగూడ వెళ్ళి లడ్డూని జేబులో వేసుకొచ్చేశారు.

శుక్రవారం నాలుగ్గంటలకి పదకొండు మంది ముత్తైదువలు హాల్లో జంబుఖానా మీద కొలువుదీరారు. ఎందుకైనా మంచిదని పారాయణం పుస్తకాలు వెంట తెచ్చుకున్నారు. హైమవతి ప్రసాదానికి పులిహోర కూడా కలిపేసి ఉంచింది. ఆ ధీమా చూసి రావుగారికి ఒళ్ళు మండింది. రాజకుమారి గారు కళ్ళజోడు సవరించుకుని, "కానివ్వండి అన్నయ్యగారూ" అంది, తీర్పు ముందే రాసుకొచ్చిన జడ్జిలా.

సినిమా మొదలైంది. అడవి. మబ్బు. హీరో పైకి చూశాడు. రావుగారు పైజమా జేబులో వేలు సిద్ధం చేసుకున్నారు. మెరుపు మెరిసింది. నొక్కారు.

సోఫా వెనకనుంచి ఢమాల్!

"అమ్మో!" అని ముగ్గురు చెవులు మూసుకున్నారు. రాజకుమారి గారి కళ్ళజోడు జారింది. రావుగారు మీసం లేని చోట వేలితో మెలేశారు. "విన్నావా హైమా! వెనకనుంచి! హాలు నాదే!"

"విన్నానండీ," అంది హైమవతి, గోడ గడియారం వైపు చూస్తూ. "బాగుంది. ఇంకో ఉరుము కూడా ఉన్నట్టుందే?"

ఉంది. గడియారం నాలుగూ పది చూపిస్తోంది. తెర మీద మళ్ళీ మెరుపు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను గిలగిల్లాడింది. చూడకుండా వేలు ఎక్కడ పడితే అక్కడ నొక్కారు రావుగారు.

సోఫా వెనకనుంచి, స్వచ్ఛంగా, సుస్పష్టంగా, హాలంతా నిండేలా వినిపించింది:

"ఏం బావా! లడ్డూ స్పీకరు పేలిందా? మా అక్క నమ్మేసిందా?"

పదకొండు నవ్వులు ఒకేసారి పేలాయి. ఆ నవ్వు ముందు ఉరుము ఓ మూల కూర్చోవాల్సిందే.

రావుగారు జేబులోంచి ఫోను తీసి, "సుందరం, ఈ జన్మకి నువ్వు..." అని మొదలుపెట్టారు. అదీ వెనకనుంచే మోగింది. పెట్టేశారు.

"వాణ్ణేమీ అనకండి," అంది హైమవతి తాపీగా. "నాలుగూ పదికి ఫోను చెయ్యమన్నది నేనే. వాడు మీకు బావమరిది ముప్ఫై ఏళ్ళుగా. నాకు తమ్ముడు పుట్టినప్పట్నుంచీ."

రావుగారు సోఫాలో కూలబడ్డారు. "సరే, ఓడిపోయాను. కానీ ఆ దిక్కుమాలిన స్పీకర్లు మోగకపోతే నా తప్పా?"

హైమవతి లేచి, స్టూలు కాలు కింద నలిగిపోయి ఉన్న పుస్తకాన్ని లాగి దుమ్ము దులిపింది. రిసీవర్‌తో పాటు వచ్చిన పుస్తకం అది.

"మంగళవారం ఊడుస్తుంటే కనబడింది. బొమ్మ చూశాను. అనుమానమొచ్చి నిన్న నారాయణగూడ వెళ్ళి మొగిలయ్య అన్నని అడిగాను. 'సార్ ఆగకుండ వోయిండమ్మా' అన్నాడు. ఇదిగో, ఇంకో తీగ కూడా ఇచ్చాడు."

"చిక్కడపల్లి అన్నావ్?"

"మీరు దోమలగూడ వెళ్ళొచ్చి, కదలకుండా ఇంట్లోనే ఉన్నానన్నట్టే." తీగ విప్పుతూ చెప్పింది. "రాంనగర్‌లో మీ అక్కయ్య ఉన్నారుగా, తిమ్మమ్మ వదినగారు. ఆవిడ ద్వారా నేను మా అత్తగారికి ఆరు మాటలు చెప్పి పంపితే ఎన్ని చేరేవి?"

"రెండు," అన్నారు రావుగారు ఆలోచించకుండా.

"మన టీవీ మీ అక్కయ్యే. కంప్యూటర్ ఆరు చెబితే, ఇది రిసీవర్‌కి రెండే అందిస్తోంది. నాకు రెండు చాలని కంప్యూటర్‌కి ముందే చెప్పేస్తోంది కూడా. కబురు నేరుగా అత్తగారికే చెప్పేస్తే పోలా?"

కంప్యూటర్ తీగను టీవీలోంచి పీకి రిసీవర్‌లో గుచ్చింది. రెండో తీగ రిసీవర్ నుంచి టీవీకి, బొమ్మ కోసం మాత్రం. కంప్యూటర్లో సౌండు పేజీ తెరిచింది. రెండు బొమ్మలున్నచోట ఇప్పుడు సోఫా చుట్టూ స్పీకర్లన్నీ బారులు తీరాయి. ఒక్కొక్కదాన్నీ నొక్కింది. ముందు ఎడమ, మధ్య, ముందు కుడి. వెనక కుడి. వెనక ఎడమ.

మోగాయి. అన్నీ. గంధం బొట్లతో సహా అదిరాయి.

"మంగళవారమే తెలిస్తే చెప్పలేదేం?" అన్నారు రావుగారు నీరసంగా.

"పందెంలో నేను అవతలి పక్షంలో ఉన్నానుగా! అన్నట్టు, ఆ హెచ్.డి.ఎం.ఐ. అంటే ఏమిటో కూడా తెలిసిందండీ."

"ఏమిటి?"

"హైమవతీ దేవి మాటే ఇంట్లో."

రాజకుమారి గారు తెచ్చిన పారాయణం పెన్‌డ్రైవ్ కంప్యూటర్లోకి వెళ్ళింది. పారాయణం అయిదు స్పీకర్లలోంచీ అమ్మవారు మధ్యలో కూర్చున్నట్టు మోగింది. రావుగారు వంటింట్లో పన్నెండు గ్లాసుల్లో డికాక్షన్ వంచుతున్నారు. మధ్య విరామంలో కేకలు మొదలయ్యాయి. "అన్నయ్యగారూ, నాకు చక్కెర వద్దు" అని ఎడమనుంచి. "నాకు రెండు చెంచాలు" అని కుడినుంచి. "మరీ పొగలు కక్కేలా కాదు సుమండీ" అని వెనక బాల్కనీ లోంచి. మధ్యలోంచి హైమవతి. "ఏమండీ, పులిహోర మూత తియ్యండి, చెమ్మగిల్లుతుంది!"

గరిటె పట్టుకుని మూత తీస్తుండగా జేబులో ఫోను మోగింది. ఈసారి జాగ్రత్తగా చూసి మరీ ఎత్తారు. రాంనగర్ నుంచి అక్కయ్య తిమ్మమ్మ.

"ఒరేయ్ రాఘవా! సుందరం ఇప్పుడే ఫోను చేసి మీ ఇంటి సంగతులన్నీ చెప్పాడురా!"

రావుగారు గరిటె కింద పెట్టేశారు. గంధం, లడ్డూ, పందెం, పరువు... అన్నీ చేరిపోయాయన్నమాట. "అన్నీ చెప్పాడా అక్కయ్యా?"

"అన్నీ చెప్పాడు! మీ ఇంట్లో పులిహోరట కదా? నాకో డబ్బా పంపరా!"