ఆకలి లేనివాడికి సముద్రమెందుకు?

సముద్రాన్ని ఊరికే చూడనివ్వడం మంచి పద్ధతి కాదని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను. ఇంట్లో నా మాట ఎవరూ వినరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మీరే ఆలోచించండి. అంత నీరు, అంత గాలి, పైగా రాత్రింబవళ్ళు ఆగని చప్పుడు. ఇదంతా ఏ ఆర్డరూ ఇవ్వకుండా వచ్చినవాడికల్లా ధారపోస్తే ఇక దానికి విలువేం ఉంటుంది? పూర్వం జనం ఇసుకలో చతికిలబడి, పొద్దు గూకేదాకా నీళ్ళవైపు చూస్తూ కూర్చునేవాళ్ళట. కూర్చుని ఏం చేసేవాళ్ళు? ఏమీ లేదు! మహా అయితే ఆలోచించేవాళ్ళు. అలా ఆలోచించినవాడు ఇంటికొచ్చి ఉద్యోగం మానేస్తానంటాడు, లేదా భార్యకి క్షమాపణ చెబుతాడు. రెండూ సంసారానికి మంచివి కావు.

అదృష్టం కొద్దీ ఆ రోజులు పోయాయి. ఇప్పుడు తీరం పొడుగునా, చీమ దూరే సందు లేకుండా రెస్టారెంట్లు వెలిశాయి. రోడ్డు మీద నిలబడితే సముద్రం కనిపించదు గానీ, దాని పేరు ప్రతి బోర్డు మీదా కనిపిస్తుంది. రెండు రెస్టారెంట్ల మధ్య పొరపాటున కాస్త ఖాళీ మిగిలితే, అక్కడ జనరేటర్ పెట్టి ఆ పొరపాటు కూడా దిద్దుకున్నారు.

తీరం వెంట ఎక్కడ తింటే బాగుంటుందో రాసిపెట్టమని మా ఎడిటర్ నన్ను అడిగారు. ఇంత బాధ్యత గల పనిని ఒంటరిగా చెయ్యకూడదని మా ఆవిడనీ, మా అత్తగారినీ వెంటబెట్టుకుని బయల్దేరాను. నిజం చెప్పాలంటే కారు నడిపేది మా ఆవిడే. స్టీరింగ్ ముందు కూర్చున్న రోజు పొట్ట బరువు చేసుకోకూడదని ఆవిడ సిద్ధాంతం. ఇక మా అత్తగారు పొద్దున్నే ఇంట్లో తినేస్తే మళ్ళీ చీకటి పడేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. అంటే తినే భారమంతా నా ఒక్కడి మీదే పడింది. పడనివ్వండి, నేను వెనకాడే మనిషిని కాదు.

మా అత్తగారి గురించి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఆవిడ సోషల్ టీచరుగా రిటైరయ్యారు. సముద్రం వాసన కూడా తెలియని ఊళ్ళో ఏటా సముద్రం పాఠం చెప్పారు. బోర్డు మీద సుద్దముక్కతో కెరటాలు గీసి, పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎలా ముందుకొస్తాయో, ఆటు వచ్చినప్పుడు ఎలా వెనక్కి పోతాయో చేతులూపి మరీ చెప్పేవారట. ఏటా చివరి బెంచీలోంచి ఎవడో ఒకడు లేచి, "మీరు చూశారా టీచర్?" అని అడిగేవాడట. "చూడలేదు, కానీ నిజం" అనేవారట ఈవిడ. క్లాసంతా గొల్లున నవ్వేదట. ఆ నవ్వు ఆవిడ చెవుల్లో ఇంకా ఉంది.

అందుకని ఆవిడకో కోరిక. నీళ్ళు వెనక్కి పోవడం మొదలైన దగ్గర్నుంచీ పూర్తయ్యేదాకా, కళ్ళారా ఒక్కసారి చూడాలి. మోకాళ్ళు ఇసుకలో నడవనివ్వవు కాబట్టి ఒక కుర్చీ కావాలి. ఇంత దూరం మళ్ళీ కారులో కూర్చోవడం తన వల్ల కాదని బయల్దేరేముందే చెప్పేశారు. చూస్తే ఇవాళే చూడాలి.

ఎంత పాతకాలపు కోరికో గమనించారా? సముద్రం వెనక్కి తగ్గడానికి ఒక పూట పడుతుంది. అంతసేపూ ఒక మనిషి ఏమీ తినకుండా కుర్చీలో కూర్చుంటే ఏ వ్యాపారం బాగుపడుతుంది? సముద్రమన్నాక కాస్త మర్యాద తెలియాలి. సూపుకీ స్వీటుకీ మధ్య వచ్చి వెళ్ళిపోవాలి.

మొదటి రెస్టారెంట్‌లో నేను పొదుపుగా టీ చెప్పాను. వెయిటర్ నడివయసు పెద్దమనిషి, చాలా గౌరవంగా మమ్మల్ని ఓ టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎదురుగా కార్ పార్కింగ్. సముద్రమేదని అడిగితే, టీ తాగేవాళ్ళకి ఈ వైపేనని చెప్పాడు. జ్యూస్ తీసుకుంటే స్తంభం పక్కన కూర్చోవచ్చట. అక్కణ్ణుంచి మెడ కాస్త వంచితే ఒక ముక్క నీలంగా కనిపిస్తుందట. అద్దం పక్కన కూర్చోవాలంటే మాత్రం పూర్తి భోజనం చెయ్యాలి.

ఇంత న్యాయమైన ఏర్పాటు మీరెక్కడైనా చూశారా? ఎవరి కడుపుకి పట్టినంత సముద్రం వాళ్ళకి! నేను వెంటనే టీ వదిలేసి జ్యూస్‌కి, జ్యూస్ వదిలేసి భోజనానికి ఎగబాకాను. మా అత్తగారు అద్దం పక్కన కుర్చీలో సర్దుకుని, కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. నీళ్ళు గట్టు రాళ్ళ దాకా వచ్చి ఉన్నాయి. "పోటు పూర్తిగా ఉంది, ఇక మొదలవుతుంది" అన్నారు నెమ్మదిగా, పరీక్ష హాల్లో పేపరు ఇవ్వబోతున్నట్టు.

అద్దాల వెనక ఏసీ చల్లగా ఉంది. అసలు గాలి జుట్టు చెదరగొడుతుంది కాబట్టి దాన్ని బయటే ఉంచారు. అసలు కెరటాల చప్పుడు లోపలికి రాదు కాబట్టి స్పీకర్లలో కెరటాల చప్పుడు పెట్టారు. పిల్లల కోసం మూలన ఓ తొట్టిలో ఇసుక కూడా పోశారు. ఇక బయటికి వెళ్ళాల్సిన అవసరం ఎవరికుంటుంది చెప్పండి?

నేను తింటున్నాను. ఆవిడ చూస్తున్నారు. నీళ్ళు కదలడం లేదు. నా ప్లేటు మాత్రం ఖాళీ అవుతోంది. ఇంకేమైనా కావాలా అని వెయిటర్ వస్తున్నాడు, పోతున్నాడు. మా కుర్చీల వెనక ఓ కుటుంబం వచ్చి నిలబడింది. వాళ్ళ చూపులు మా మెడల మీద గుచ్చుకుంటున్నాయి. మొదటి రాయి కింద తడి గీత కనిపించిందని మా అత్తగారు వేలెత్తి చూపించేసరికి, మా టేబుల్ తుడిచేశారు.

పోనీలెమ్మని రెండో చోటికి వెళ్ళాం. అక్కడ మళ్ళీ భోజనం. అద్దం పక్కన చోటు దొరికింది గానీ, ఎవరిదో పుట్టినరోజట, బంధుమిత్రులందరూ సముద్రానికి వీపు పెట్టి వరసగా నిలబడి ఫోటోలు దిగారు. ఆ వీపుల మధ్య నుంచి మా అత్తగారు కాసేపు ఇటు, కాసేపు అటు ఒరిగి చూశారు. అందరూ కూర్చుంటే బాగుంటుందేమో అని నేను అనబోతే మా ఆవిడ కాలు తొక్కింది. వాళ్ళు కూర్చునేలోపు నా ప్లేటు ఖాళీ అయింది.

మూడో చోట నా బెల్టు వదులు చేశాను. ఇంకో చోట బెల్టే తీసి మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టించాను. అయినా విలేకరిగా నా కర్తవ్యం మరచిపోలేదు. అన్నిచోట్లా రుచి ఒకటే, ఉప్పు మాత్రం ఎవరి ఇష్టం వారిది. మధ్యలో మా అత్తగారు నావైపు తిరిగి, "మీకు కష్టంగా ఉంటే వెళ్ళిపోదాం బాబూ, నేను చూసినంత చూశాను" అన్నారు. ఆ మాట వినగానే నాకు గొంతులో ముద్ద అడ్డం పడింది. నిజంగానే పడింది, మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. అన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషి చూసిందల్లా ముక్కలు ముక్కలుగా, ప్లేటుకో ముక్క.

చివరి రెస్టారెంట్‌లో నేనొక ఉపాయం పన్నాను. ఒక్క సూపు చెప్పి, దాన్ని చెంచా మొనతో, పసిపిల్లలకి మందు పోసినట్టు తాగడం మొదలుపెట్టాను. సూపుకి ఇచ్చిన టేబుల్ మళ్ళీ పార్కింగ్ వైపే. అయినా అద్దం పక్కన ఖాళీ కాగానే కుర్చీ లాగేద్దామని పొంచి ఉన్నాను. ఈలోగా మా అత్తగారు చేతులు కడుక్కొస్తానని లేచారు.

ఎంతకీ రారే! మా ఆవిడ కంగారుపడి వెతకడానికి వెళ్ళింది. ఆవిడ కూడా రాలేదు. ఇక నేనే లేచి, చేతులు కడిగే చోటు దాటి, వంటింటి పక్క నడవా దాటి, వెనక గుమ్మం తోసుకుని బయటికి వచ్చాను.

అక్కడొక రేకుల పంచ ఉంది. ఒక పక్క గిన్నెల గుట్ట, ఇంకో పక్క ఉల్లిపాయల బస్తాలు. వంటింటి ఆడవాళ్ళు గోనెపట్టాల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. వాళ్ళ మధ్య, మూకుడు నిండా వెల్లుల్లి ఒళ్ళో పెట్టుకుని, ఒక ప్లాస్టిక్ కుర్చీలో మా అత్తగారు కూర్చుని ఉన్నారు. పక్కనే బస్తా మీద మా ఆవిడ. వాళ్ళ ముందు అద్దం లేదు, స్తంభం లేదు, ఎవరి వీపూ లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సముద్రం ఒక్కటే ఉంది.

పొగా, వాసనా వస్తాయని అక్కడ టేబుళ్ళు వెయ్యలేదట. తీరం మొత్తంలో సముద్రాన్ని అమ్మడం మరచిపోయిన చోటు అదొక్కటే.

"రండి బాబూ, చప్పుడు చెయ్యకండి" అన్నారు మా అత్తగారు, కళ్ళు తిప్పకుండానే. "వెళ్తోంది."

నీళ్ళు వెళ్తున్నాయి. రాళ్ళన్నీ బయటపడ్డాయి. వాటి అవతల తడి ఇసుక మెరుస్తోంది. ఆవిడ చేతులు వాటి మానాన అవి వెల్లుల్లి ఒలుస్తున్నాయి. కాసేపటికి, "నేను పిల్లలకి నిజమే చెప్పాను" అన్నారు. ఎవరితోనూ కాదు. చివరి బెంచీతో కాబోలు.

సరిగ్గా అప్పుడు మేనేజర్ వచ్చాడు. టై కట్టుకున్నాడు, చాలా మంచివాడిలా ఉన్నాడు. "అమ్మా, కస్టమర్లు ఇక్కడ కూర్చోకూడదు. లోపల ఏసీ ఉంది, రండి" అన్నాడు.

"నేను కస్టమర్ని కాదు బాబూ" అన్నారు మా అత్తగారు, ఒలిచిన వెల్లుల్లి చూపించి.

అందరూ పెద్దక్క అని పిలుస్తున్న వంటావిడ తల కూడా ఎత్తకుండా, "మా మనిషే సార్" అంది. మా ఆవిడ గబుక్కున ఒక వెల్లుల్లి గడ్డ తీసి ఒలవడం మొదలుపెట్టింది. మేనేజర్ ఆవిణ్ణి కూడా లెక్కలో వేసుకుని తల ఊపాడు. తర్వాత నావైపు తిరిగాడు.

నా చేతిలో సూపు చెంచా ఉంది.

అతను నన్ను ఎంతో మర్యాదగా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, నా కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకేమైనా తీసుకుంటారా అని అడిగాడు. సముద్రం పూర్తిగా వెనక్కి వెళ్ళేదాకా నేను ఐస్‌క్రీమ్ తింటూ కార్ పార్కింగ్ చూశాను. మధ్యలో ఒక తెల్ల కారు వెనక్కి వెళ్ళింది. చాలా బాగా వెళ్ళింది.

తిరుగు ప్రయాణంలో వాళ్ళిద్దరూ ముందు సీట్లలో కూర్చుని నీళ్ళ గురించే మాట్లాడుకున్నారు. కారంతా వెల్లుల్లి వాసన. నేను వెనక సీటులో వెల్లకిలా పడుకుని మా ఎడిటర్ కోసం ఈ వ్యాసం మనసులోనే రాసుకున్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, తీరం వెంట ఎక్కడ తినాలని కదా మీ ప్రశ్న? ఎక్కడైనా తినండి. నేను అన్నిచోట్లా తిన్నాను, అన్నిటికీ హామీ ఇస్తాను. సముద్రం ఎలా ఉందని మాత్రం నన్ను అడక్కండి. మా అత్తగారిని అడగండి, ఆవిడ చూశారు. ఆ వెనక గుమ్మం ఏ రెస్టారెంట్‌దో చచ్చినా చెప్పను. చెబితే రేపే అక్కడ టేబుళ్ళు వేస్తారు.

ఇంట్లో ఇప్పుడు వెల్లుల్లి నేనే ఒలుస్తున్నాను. ఇంకా చెయ్యి తిరగలేదు.